ఉత్తరపు ఎండ

"ఆ ఎండ తప్పమ్మా!"

వెనక నుంచి మాట వినపడగానే ఆమె మౌస్ వదిలి వెనక్కి తిరిగింది.

మళ్ళీ ఆ పెద్దాయనే!

బిల్డింగ్ మోడల్‌కి కంప్యూటర్లో వెలుగూ నీడా అద్ది, అచ్చం ఫొటోలా తయారుచెయ్యడం ఆ కంప్యూటర్ సెంటర్లో నేర్పే విద్య. అందరూ మేడలు చేస్తుంటే, డెబ్భై ఏళ్ళ ఈయన చేరిన దగ్గర్నుంచీ ఒకే ఒక్క చిన్న ఇంటితో కుస్తీ పడుతున్నాడు. మాస్టార్ని అడిగేదీ ఒకటే: డిసెంబరు ఎండ ఎలా పెట్టాలి?

క్లాసంతా కలిసి ఆయనకి 'సూర్యభగవానుడు' అని పేరు పెట్టేసింది.

ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. ఒక బిల్డరు తను కట్టబోయే మేడ మోడల్ క్లాసుకి ఇచ్చాడు. ఎవరి బొమ్మ నచ్చితే వాళ్ళకి ఉద్యోగం. రెండేళ్ళుగా ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి చెప్పులరిగిన ఆమెకి అదే ఆఖరి ఆశ.

"ఏం తప్పు తాతగారూ?" పళ్ళ బిగువున అడిగింది.

"మేడ ముఖం ఉత్తరానికి. డిసెంబరులో అటు ఎండెక్కడిది? మేడ నీడే ముందుకు పడుతుంది."

"నీడలో చూపిస్తే బొమ్మ ఏడుపు మొహంలా ఉంటుంది."

"మరి ఎదుటి పెంకుటిల్లు ఏదీ? వాళ్ళిచ్చిన మోడల్లో ఉందిగా?"

"అడ్డొచ్చింది. డిలీట్ కొట్టి పచ్చిక పరిచాను."

"ఒక్క మీట నొక్కితే ఇల్లు పోతుందా తల్లీ?"

క్లాసు ఘొల్లుమంది. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"సార్! ఈయనొచ్చింది నేర్చుకోడానికా, నా నోటి దగ్గర కూడు లాగడానికా? ఈయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి!"

మాస్టారు విసుక్కుంటూ లేచాడు. "ఈ వయసులో మీకెందుకండీ ఈ తద్దినం? దయచెయ్యండి."

"ఒక్క గంట ఆగు బాబూ. నా బొమ్మ తయారవుతోంది. రేపు పొద్దున్నే కావాలి."

"రేపేమైనా బొమ్మకి పెళ్ళిచూపులా?"

మాస్టారు చెయ్యి చాపి 'ఆపు' నొక్కేశాడు.

పెద్దాయన కళ్ళజోడు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం బిల్డరు స్వయంగా వచ్చాడు.

"భలే చేశావమ్మా! ఎవరో అడ్డుపడితే అనుమతి ఆగింది. పొద్దున అధికారి నీ బొమ్మ చూశాడు, 'ఇంత ఎండ ఉంటే ఇంకేం గొడవయ్యా' అని సంతకం పెట్టేశాడు. సోమవారం వచ్చి చేరిపో!"

ఆమె గాల్లో తేలిపోయింది. సామాను సర్దుకుంటూ పెద్దాయన కంప్యూటర్ వైపు చూసింది. అరవై శాతం దగ్గర ఆగిన బొమ్మ.

'ఏం వెలగబెట్టాడో చూద్దాం' అనుకుని 'కొనసాగించు' నొక్కింది.

బొమ్మ మెల్లగా నిండుతోంది. డిసెంబరు, ఉదయం పది.

ఆకాశానికి అడ్డుగా, నల్లగా, తను రంగులద్దిన మేడే!

దాని నీడలో పెంకుటిల్లు. కిటికీ పక్కన మంచం. మంచం మీద దుప్పటి కప్పుకున్న ఒక ముసలావిడ, రాని ఎండ కోసం కిటికీలోంచి చెయ్యి చాపి ఉంది.

తను ఒక్క మీటతో తుడిచేసిన ఆ ఇంటి గుమ్మం పక్కన, చిన్న పలక మీద, క్లాసులో ఎవరూ ఒక్కసారైనా పిలవని ఆయన పేరుంది.