పిజ్జా ముక్క

"నాకూ ఇదే మొదటిసారి. పడితే కలిసే పడదాం లేవే," అంటూ నా మొగుడు వెండెల్ నన్ను మినియాపొలిస్ పక్కన, మంచు మీద జారే చవక స్కీ గుట్టకు తీసుకొచ్చాడు. గంటలో నాలుగుసార్లు పడ్డాడు. పడ్డప్పుడల్లా నవ్వాడు.

ఇంతలో ఎవరి పాపో ఆగలేక, కేకలు పెడుతూ మా పక్కనుంచి జారిపోయింది. నా మొగుడు రివ్వున దూసుకెళ్లి, పాపకు ఎదురుగా తిరిగి, తను వెనక్కి జారుతూనే రెండు చేతులూ పట్టుకున్నాడు. "కాళ్లు పిజ్జా ముక్కలా పెట్టు తల్లీ! అదీ, పిజ్జా!"

పాప కాలివేళ్లు దగ్గరికి, మడమలు దూరంగా పెట్టి ఆగింది.

స్కీ నేర్పే టీచరమ్మ చప్పట్లు కొట్టింది. "సొంత పిల్లలకి నేర్పినవాళ్లు ఇట్టే తెలిసిపోతారండీ. మీ పాపకి ఎన్నేళ్లు?"

"ఏడు," అన్నాడు రొప్పుతూ.

మాకు పిల్లల్లేరు. మనకెందుకే ఆ గోల అని పదేళ్లుగా నాకు నచ్చజెబుతున్నది ఇతనే.