సంచిలో గౌను

ప్రతి పుట్టినరోజుకీ నాయనమ్మ మెయ్‌లిన్, సుస్మితకు రెండు గౌన్లు కుట్టించేది. ఒకటి తొడుక్కోడానికి, ఒకటి తలుపు పక్కన వేలాడే సంచిలో పెట్టడానికి.

నాయనమ్మ మూడుసార్లు తలుపు కొట్టగానే, సుస్మిత ఆ సంచితో మంచం కింద దూరాలి. కిక్కురుమన్నా ఓడినట్టే.

"ఈ ఆట నీకెవరు నేర్పారు?"

"మా అమ్మ. అరవై రెండులో, చైనాతో యుద్ధమప్పుడు. బెజవాడలోనే పుట్టినా మేం చైనావాళ్లమే కదా, పోలీసులొచ్చారు. మంచం కింద దొరికిపోయాం. కట్టుబట్టలతో రాజస్థాన్ క్యాంపులో పడేశారు. నాకప్పుడు నీ వయసే."

ఇవాళ తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. సుస్మిత నవ్వుతూ సంచి అందుకుని మంచం కింద దూరింది.

నాయనమ్మ అప్పటికే అక్కడుంది.

బయట ఎవరో అడుగుతున్నారు: "చైనావాళ్లిల్లు ఇదేనాండీ?"

అరచేత్తో సుస్మిత నోరు మూసింది నాయనమ్మ.

"నవ్వకు తల్లీ. ఆ రోజు నవ్వింది నేనే."