మూడు మూర్ల గోడ

1954 ఉగాది నాడు, ఆంధ్ర రాష్ట్రానికి కొత్త రాజధాని అయిన కర్నూలులో, ఇంటి యజమానురాలు నాగలక్ష్మమ్మ పెట్టిన భక్ష్యాలు తింటూనే ఆమె ఇంటిని ఈసడించాడు, మద్రాసు నుంచి బదిలీ అయిన గుమాస్తా శేషావతారం.

"కిటికీ లేని గుహకు అద్దె ముప్పై రూపాయలా? మద్రాసులో ఇరవైకి సముద్రపు గాలి కూడా వచ్చేది! నిండు చూలాలిని ఈ కుంపట్లోకి ఎలా తేను?"

గాలి కోసం తలుపు తెరిచాడు. వడగాలి మొహాన కొట్టింది.

"మిట్టమధ్యాన్నం తలుపు తెరుస్తారా యాడన్నా?" నాగలక్ష్మమ్మ విసురుగా మూసింది. "గాలి తాగి బతికినోనికి గోడ యిలువ ఏం తెలుస్తాదిలే! మూడు మూర్ల మందముండాది. నీ పెండ్లాన్ని పిల్చుకరాపో అప్పా."

నిజమే, లోపల చల్లగా ఉంది.

"ఇల్లంతా మాకిస్తే మరి మీరెక్కడుంటారు?"

"పెరట్లో రేకుల కొట్టం ల్యాదా? ముసల్దానికి ఎండ కొత్తా?"



రాత్రి భార్యను రమ్మని ఉత్తరం రాస్తూ, తెరిచిన పెరటి తలుపులోంచి తలెత్తి చూశాడు. పెరట్లో నాగలక్ష్మమ్మ రేకు తలుపును చప్పుడు కాకుండా మూసుకుంటోంది.