డార్సీ తొందర

క్వీన్స్‌లాండ్ చెరకు తోటల మధ్యనున్న సొంతూరికి లీత్ ఇరవై ఏళ్ల తర్వాత వచ్చాడు. పబ్బులో జనమంతా వెళ్లిపోయాక, దాన్ని నడిపే నోరీన్ తలుపులు మూసి పాత గిటార్లు రెండూ కిందికి దించింది. ఒకప్పుడు ఊళ్లో బ్యాండంటే వాళ్లదే. వేదిక మీద డ్రమ్ములు గుడ్డ కప్పుకొని ఉన్నాయి. వాటిని వాయిస్తూ పల్లవికి ఎప్పుడూ అర క్షణం ముందే దూకే డార్సీ పోయి ఏడేళ్లయింది.

"మన పాట ఎత్తుకోరా. గొంతుందా, సిడ్నీలో అమ్మేశావా?" అంది నోరీన్.

"నీదానికంటే నయమేలేవే!"

ఊరు దాటకముందే, ఊరికి తిరిగి రావడం గురించి రాసుకున్న పాట అది. నవ్వుకుంటూ మొదలుపెట్టారు. బయట కప్పల అరుపులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. పల్లవికి అర క్షణం ముందు, వెనక డ్రమ్ము మోగింది.

"ఒరేయ్ డార్సీ, తొందరెందుకురా!" అలవాటు కొద్దీ ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

అరిచాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చేతులు మాత్రం ఆగలేదు.

"వెనక్కి చూడకు," నోరీన్ నవ్వు ఆపుకుంటూ గుసగుసలాడింది. "చూస్తే సిగ్గుపడి మానేస్తాడు."

లీత్ గొంతు పెంచి రెండో చరణం పాడాడు. మళ్లీ పల్లవి వచ్చింది.

బతికినన్నాళ్లూ ఒక్కసారైనా వాళ్ల మాట విననివాడు, ఈసారి సరిగ్గా తాళానికే కొట్టాడు.