బోనం మెతుకు

"బూందీకి అన్నం ఎవరు పెట్టిండ్రు? నిజం చెప్పుండ్రి!"

నడింట్లో నిలబడి యోగిత నిలదీసింది. తొమ్మిదేళ్ల పిల్ల. చేతుల్లో తువ్వాలు, అందులో రెండు నెలల కుందేలు పిల్ల. పొద్దుటి నుంచి అది గడ్డి ముట్టలేదు, ఒక్క పెంటిక కూడా వేయలేదు. కడుపు డోలులా బిగిసిపోయింది. తిరుమలగిరి డాక్టరు దాని మూతికి అంటుకున్న బెల్లాన్ని గోకి చూపించి మరీ చెప్పాడు. "ఇంత చిన్నదానికి తీపి అన్నం పెడతారా? మందు వేశాను. కడుపు మెల్లగా నిమురుతూ ఉండండి. సాయంత్రంలోపు పెంటికలు వేస్తే బతికినట్టే."

బెల్లమన్నం ఇంకెక్కడిది, నిన్నటి బోనమే. సికింద్రాబాద్ లష్కర్ బోనాలకు వచ్చిన చుట్టాలు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. నేరేడ్‌మెట్‌లోని ఆ ఇంట్లో ఇప్పుడు మిగిలింది యోగిత, వాళ్లమ్మ, నానమ్మ ఊర్మిళ, ఊర్మిళకు అన్న హరికిషన్.

యోగిత చూపు తిన్నగా హరికిషన్ మీదికే వెళ్లింది.

"తాతా, నువ్వేనా? చిన్నప్పుడు మీ కుందేలుకు సుత నువ్వే బోనం పెట్టి చంపినవంట గద! నానమ్మ ఎన్నిసార్లు చెప్పిందో."

నిజమే, ఊర్మిళ ఆ కథ చెప్పని పెళ్లి లేదు, పేరంటం లేదు. ముత్యం అనే తెల్ల కుందేలును అన్న ఎట్లా పొట్టన పెట్టుకున్నాడో ఆమె చెప్తుంటే చుట్టాలు పడీ పడీ నవ్వేవాళ్లు. వాళ్లతో పాటు హరికిషనూ నవ్వేవాడు. ఈరోజు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఊర్మిళ ఏదో అనబోయింది.

"నేనే పెట్టిన బిడ్డా," అన్నాడు హరికిషన్.

పిల్ల కళ్లు నీళ్లతో నిండిపోయాయి. "ఇంక నువ్వు మా ఇంటికి రాకు. ఎప్పుడు రాకు!"

అరవై దాటిన మనిషికి కూడా ఆ మాట గుండెలో కలుక్కుమంది. ప్రతి ఆదివారం కాప్రా నుంచి బస్సెక్కి ఆయన వచ్చేది ఈ పిల్ల కోసమే మరి.

"సరే, రాను. జెర దాన్ని ఇటియ్యి. నీ చేతులు గుంజుతున్నట్టున్నయి. పొద్దుమీకేదాంక నిమురుత, గా ఎన్క పోత."

ఇష్టం లేకపోయినా ఇచ్చింది. హరికిషన్ దాన్ని ఒళ్లో వేసుకుని, వాతం చేసిన పసిబిడ్డకు చేసినట్టు, రెండు వేళ్లతో కడుపు నిమరసాగాడు. ఊర్మిళ వచ్చి పక్కన కూర్చుంది. ఒక ఎండుగడ్డి పోచ దాని మూతి దగ్గర పెట్టింది. అది ముక్కు కూడా కదపలేదు.

"ముత్యానికి గడ్డంటే పానం. యాదున్నదా చెల్లే?"

"ఎందుకు లేదు? మిలిటరీ గుర్రాలకు పోయే గడ్డిబండి ఎనక ఉరికి గుంజుతుంటివి."

"నువ్వు గౌను పట్టుకొని నిలబడితే అండ్ల నింపుతుంటి."

"పొద్దుగాల బిగిల్ ఊదంగనే చెవులు నిక్కపొడుచుకొని సిపాయి లెక్క నిలబడేది." ఊర్మిళకు నవ్వొచ్చింది.

యోగిత అలిగి గోడ వైపు తిరిగింది గానీ చెవులు ఇటే ఉన్నాయి. "బిగిల్ అంటే ఏంది?" అని గోడనే అడిగింది. హరికిషన్ బుగ్గలు పూరించి నోటితో ఊది చూపించాడు. పిల్ల నవ్వబోయి, కోపంలో ఉన్న సంగతి గుర్తొచ్చి ఆపుకుంది.

తిరుమలగిరిలో వాళ్లు పెరిగిన పెంకుటిల్లు ఇప్పుడు లేదు. అక్కడ నాలుగంతస్తులు లేచాయి. అయినా ఆ కాసేపు అన్నాచెల్లెళ్లిద్దరూ ముత్యానికి ఆపిల్ పెట్టెతో చేసిన గూడు ముందు మోకాళ్ల మీద కూర్చునే ఉన్నారు. ఎంత మంచి రోజులు అవి!

"ముత్యం పోయిన దినం నాయిన నిన్ను బెల్టుతోని కొట్టిండు," అంది ఊర్మిళ.

"ఊఁ."

"నేను తలుపెనక నిలబడి ఏడ్చిన. నాకు గదొక్కటే యాదున్నది."

"ఆరేండ్ల పిల్లవు. గంతకన్న ఏం యాదుంటది?"

నాలుగు దాటింది. కుందేలు ఉన్నట్టుండి వెనక కాళ్లు చాచింది. హరికిషన్ లుంగీ మీద మిరియపు గింజంత నల్లటిది ఒకటి రాలింది. ఆ వెనకే ఇంకోటి, మరోటి.

"వేసింది! బూందీ వేసింది!" యోగిత ఎగిరి గంతేసింది. వాటిని కాగితంలో పొట్లం కట్టింది. లోకంలో ఏ పెంటికలకూ అంత మర్యాద జరిగి ఉండదు. అమ్మకు చూపించడానికి పరుగెత్తబోయి వంటింటి గడప దగ్గర ఆగింది.

"తాతా, మళ్ల ఎప్పుడు అన్నం పెట్టనని ప్రామిస్ చెయ్యి. అట్లయితే ఆదివారం రావొచ్చు."

"అమ్మతోడు బిడ్డా, ఎన్నడు పెట్టను."

పిల్ల లోపలికి వెళ్లింది. ఊర్మిళ కొంగుతో కళ్లొత్తుకుంది.

"పెట్టింది నేను గద అన్నా. ఇంట్ల ఊపిరున్న ప్రతి జీవానికి బోనం మెతుకు ముట్టాలంటుండె అమ్మ. గది యాదికొచ్చి ఒక్క ముద్ద పెట్టిన. నువ్వు సుత చూస్తివి. మరి నీ మీదెందుకు ఏసుకున్నవ్?"

హరికిషన్ కుందేలును మెల్లగా చెల్లెలి ఒళ్లోకి మార్చాడు.

"నాకేం కొత్తనా చెల్లే? ముత్యానికి నువ్వు పెట్టంగ సుత నేనే చూసిన."