మోకాళ్ల మీద

“లేవకే డెలానీ! నీకింకా పశ్చాత్తాపం రాలేదు,” అని అరిచింది కెండ్రా. మా కాలేజీ ప్రార్థన బృందానికి ఆవిడే పెద్ద. నేను అమ్మాయిల సోరోరిటీ సంఘంలో చేరానని, గంట నుంచీ అందరి మధ్యా నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టింది.

“క్రీస్తును నమ్మినదానివి! ఆ సంఘంలో చేరడానికి తెల్లగౌను వేసుకుని, కొవ్వొత్తి పట్టుకుని, ఎవత్తెల ముందో మోకరిల్లి ప్రమాణం చేస్తావా? సిగ్గులేదూ?”

నాకు ఒళ్లు మండిపోయింది.

“వాళ్లూ మోకరిల్లమన్నారు. దేవుడికి తప్ప మోకరిల్లనన్నాను. సరే, నిలబడే చెయ్యమన్నారు.”

కెండ్రా వైపు వేలు చూపించాను.

“మనుషుల్లో నేను మోకరిల్లింది నీ ఒక్కదాని ముందేనే! పశ్చాత్తాపం కావాలన్నావుగా? ఇదుగో, పడుతున్నా,” అంటూ లేచి నిలబడ్డాను.