ఎడమకి తిరగని కారు

కార్లన్నీ చెప్పిన మాట విని వాటంతటవే నడుస్తున్న రోజుల్లో, చేత్తో తోలే పాత కారును ట్రాక్ మీద అద్దెకు తిప్పాలని పానకాలు పెట్టుబడి పెట్టాడు. రేపే ప్రారంభం. చక్రం తేలిగ్గా తిరిగేలా దానికి పవర్ స్టీరింగ్ ఉండాలా వద్దా అన్నది మాత్రం తేలక కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. చివరికి తోలి చూడమని కూతురు హంసికను అందులో కూర్చోబెట్టాడు.

మలుపు రాగానే ఆ పిల్ల అలవాటుగా "ఎడమకి" అంది. కారు తిన్నగా గడ్డిలోకి పోయింది. తర్వాతి మలుపులో పళ్లు బిగించి, ఒంట్లో బలమంతా పెట్టి చక్రం తిప్పింది.

"చేతులు పడిపోయాయి నాన్నా" అంది, కారు ఆపి.

"పవర్ స్టీరింగ్ పెట్టించేస్తాలే తల్లీ" అంటూ పానకాలు మెకానిక్‌కు ఫోన్ కలిపాడు.

"వద్దు. ఇంట్లో మంచం దగ్గర్నుంచి అన్నీ సరేనంటాయి. ఇదొక్కటే నాతో పేచీ పెట్టింది. నేను దిగను పో."

పానకాలు ఫోన్ పెట్టేశాడు. పేచీకి ఎంత అద్దె అడగొచ్చో ఆలోచిస్తూ, కారుకు దారిచ్చి పక్కకు తప్పుకున్నాడు.